సమస్య: పగలు సూర్యుని సరసన భములు వెలిఁగె

సంచాలకులు:
ఈ పాదం (భములంటే నక్షత్రాలు) పొద్దున్నుంచి నన్ను వదలడం లేదు. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. గ్రహణం పూరణలు ఎలాగూ వస్తాయి. వేరే దారి పట్టినవాళ్లకే నా ఓటు.

గౌతమీతీరం:
గాలి పొరనెల్ల నొకమీటఁ గదిపి తీసి
ఊరు పేర్కొని గడియార మొప్ప దిద్ది
చూడ స్టెల్లేరియమ్మునఁ జోద్య మయ్యె
పగలు సూర్యుని సరసన భములు వెలిఁగె

స్టెల్లేరియం అంటే ఆకాశాన్ని చూపించే సాఫ్ట్‌వేర్. అందులో ఊరు కాకినాడ, ఆగస్టు 23, మధ్యాహ్నం పన్నెండు. కీబోర్డులో ‘ఎ’ నొక్కితే వాతావరణం పోయి ఆకాశం నల్లబడుతుంది. సూర్యుణ్ణి పట్టుకుని జూమ్ చేయండి, అర డిగ్రీకి అటూ ఇటూగా మఖ నక్షత్రం!

మూసీఒడ్డు:
అడ్డుపడి చంద్రుఁ డర్కుని నావరింప
పట్టపగలైన చీకటి బలిసె మింట
వెనుక నల్లగొండను గంటి వింత నేను
పగలు సూర్యుని సరసన భములు వెలిఁగె

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణం. కళ్లారా చూసింది, మీటలు నొక్కి కాదు.

ఛందోబాల:
‘చూడ స్టె’ దగ్గర, సంయుక్తాక్షరం ముందున్న ‘డ’ గురువైపోదా? మొదటి గణమే పోయింది.

పాలపిట్ట:
పోలేదు. రెండూ విడి మాటలు, సమాసం కాదు, కాబట్టి ‘డ’ లఘువే. మొన్న మీరు ‘వచ్చు ప్రేమ’ అన్నప్పుడు మేమెవరం అడగలేదే!

మూసీఒడ్డు గారి ఎత్తుగడలో ధార ఉంది. కానీ ‘సరసన’ కుదర్లేదు. అదే తేదీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాను. సూర్యుడు మకర కుంభాల సరిహద్దులో ఉన్నాడు, ఆ పక్కన చెప్పుకోదగ్గ చుక్క ఒక్కటీ లేదు. 2017 ఆగస్టు 21 అమెరికా గ్రహణం ఎత్తుకుని ఉంటే, మఖ సుమారు డిగ్రీ దూరంలోనే ఉండేది.

మూసీఒడ్డు:
సంక్రాంతి పద్యంలో రవి మకరం చేరాడని రాసింది మీరే కదా? జనవరి 14న ఇదే సాఫ్ట్‌వేర్ ధనుస్సులో చూపిస్తుంది. అప్పుడెందుకు పెట్టి చూడలేదు?

పాలపిట్ట:
పంచాంగం రాశి సరిగ్గా ముప్పై డిగ్రీలు. సాఫ్ట్‌వేర్‌లో కనబడేవి అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒప్పుకున్న నక్షత్రమండలాల హద్దులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. లెక్కలే వేరు. నా పద్యం పంచాంగం పద్యం.

సంచాలకులు:
సంక్రాంతి సంగతి ఆ పేజీలోనే తేల్చుకోండి. ‘ఒకమీటఁ గదిపి’కే నా ఓటు.

నాగావళి:
అబ్బాయి ల్యాప్‌టాప్‌లో నేనూ పన్నెండు గంటలకి పెట్టాను. సూర్యుడు నేల కింద ఉన్నాడేమిటి?

గౌతమీతీరం:
అబ్బాయి ఉండేది డాలస్ కదండీ, ఆ ఊరే ఉండిపోయింది. మీ పన్నెండు అక్కడ అర్ధరాత్రి దాటాక. ఎఫ్6 నొక్కి శ్రీకాకుళం పెట్టండి. రెండో పాదం మొదలే ‘ఊరు పేర్కొని’!