సిటీ వీటెక్‌కి ఏ ఇంజన్ వేయించాలి?

అన్నలూ, నాది 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్, మాన్యువల్, 1,84,000 కి.మీ తిరిగింది. మూడు నెలల క్రితం ఓఆర్ఆర్ మీద రేడియేటర్ హోస్ పగిలి బాగా హీటెక్కింది, నేను సూది చూసి ఆపేసరికే లేటయింది. హెడ్ ఫేసింగ్ (ఇంజన్ పైభాగాన్ని చదును చేయడం) చేయించి కొత్త గ్యాస్కెట్ వేయించా, అయినా నీలం పొగ, 800 కి.మీ.కి లీటర్ ఆయిల్ తాగుతోంది. కంప్రెషన్ 1, 2 సిలిండర్లలో 175, 170 పీఎస్ఐ, కానీ 3, 4లో 95, 90 మాత్రమే, ఆ రెండిట్లో కొంచెం ఆయిల్ పోసి చూస్తే 140 దాకా లేచింది, అంటే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) పోయినట్టే. విప్పి చూస్తే 3వ సిలిండర్ గోడ మీద గీతలు వేలికి తగులుతున్నాయి.

హోండాదే ఇంకా పవర్‌ఫుల్ ఇంజన్ బీ16ఏ గురించి కూడా ఆలోచించా, 160 పీఎస్ అంటే మనసు లాగుతుంది కానీ పాత గేర్‌బాక్స్ దానికి కూర్చోదు, మౌంట్లు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), వైరింగ్ అన్నీ మార్చాలి, పైగా ఆర్టీఏ అప్రూవల్, అందుకే వదిలేశా. బడ్జెట్ లక్షన్నర. ఈ బండి 6000 ఆర్‌పీఎం దాటాక పాడే పాట మళ్ళీ వినాలి, అమ్మే ఆలోచన అస్సలు లేదు.

నా బ్లాక్‌నే బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించాలా, లేక కంప్రెషన్ చెక్ చేసి ఇదే మోడల్ సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనాలా, చేయించినవాళ్ళు ఏది మేలంటారు?