కనుమ నాడు బయల్దేరితే తప్పా?

కోటిపల్లి రేవు: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ముక్కనుమ పొద్దున్నే డ్యూటీ. కనుమ రాత్రి బస్సుకి టికెట్ తీశానంటే అమ్మ "కాకి కూడా కదలదు, నువ్వెలా కదులుతావురా" అని రెండు రోజులుగా ముభావంగా ఉంది. నాకు నలభై ఏళ్ళండీ! మీ ఇళ్ళల్లో ఏం చేస్తారు?

పాతచెరువు గట్టు: తప్పే. కనుమ పశువుల పండగ. ఏడాదంతా చాకిరీ చేసిన ఎడ్లకి కొమ్ములు కడిగి పసుపు, కుంకుమ పెట్టే రోజు. ఆ రోజు బండి కట్టరు, అందుకే ప్రయాణం లేదు. మినప గారెలు తిని ఇంటిపట్టున ఉండాలి.

లంక గాలి: బస్సుకి ఎడ్లు కట్టరు కదండీ 😀

పాతచెరువు గట్టు: వెటకారం వద్దు బాబూ.

కొబ్బరాకు: మన కోనసీమలో కనుమ నాడు కదిలినంత మంది ఇంకే రోజూ కదలరు. జగ్గన్నతోట తీర్థానికి 11 ఊళ్ళ రుద్రులు ప్రభల మీద, అంటే అలంకరించిన పెద్ద వెదురు చట్రాల మీద వస్తారు. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక నీళ్ళలోంచి భుజాల మీద మోసుకొస్తారు. దేవుడు కదలొచ్చు, ఈయన బస్సు కదలకూడదా?

పాతచెరువు గట్టు: ప్రభలు మళ్ళీ ఎవరి ఊరికి వాళ్ళు చేరిపోతాయి. రాత్రి నిద్ర ఎక్కడ చేశామన్నదే లెక్క.

లంక గాలి: అయితే రాత్రి 12 దాటాక ఎక్కితే సరి. ముక్కనుమ వచ్చేస్తుంది.

పాతచెరువు గట్టు: మన లెక్కలో రోజు మారేది సూర్యోదయంతో. గడియారంతో కాదు.

కోటిపల్లి రేవు: రైల్లో 60 రోజుల ముందు బుకింగ్ తెరవగానే సీట్లు అయిపోయాయి. దొరికింది ఈ బస్సొక్కటే. సూర్యోదయం దాకా ఆగితే డ్యూటీకి ఎవరు వెళ్తారండీ?

పాతచెరువు గట్టు: మా అబ్బాయివీ ఇవే టికెట్ లెక్కలు. పోయినేడు కనుమ మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని ఫోన్లో టైం చూసుకుంటున్నాడు. వాళ్ళమ్మ ఇంకో గారె వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చీకటి పడకుండానే బయల్దేరిపోయారు. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. రూల్ గురించి కాదు నా బాధ.

వశిష్ఠ ఒడ్డు: మీ అందరిదీ ఎప్పుడు వెళ్ళిపోవాలన్న గొడవ. నేను అసలు రావడమే కుదరని దాన్ని. పెళ్ళై 14 ఏళ్ళు. కొత్త అల్లుడి మర్యాదకి మొదటి పండగ పుట్టింట్లో చేశాం, అంతే. అత్తవారిది పాలకొల్లు. చించినాడ వంతెన దాటితే మా అమ్మ. భోగిపళ్ళు ఇక్కడే పోయాలి, సంక్రాంతికి కోడలు లేకపోతే బాగోదు, కనుమ నాడు కదలకూడదు, ముక్కనుమకి ఆయన సెలవు అయిపోతుంది. అత్తగారు నీళ్ళ గిన్నెలో పాకం చుక్క వేసి ఉండ కట్టిందో లేదో వేలితో చూస్తుంటారు. నేను అరిసెల పిండి కలుపుతుంటాను. పక్కన అమ్మ ఫోన్ మోగుతుంటుంది. చేతుల నిండా పిండి.

పాతచెరువు గట్టు: ఆడపిల్ల సంగతి వేరమ్మా.

వశిష్ఠ ఒడ్డు: ఏం వేరు? మీ కోడలి పండగ ఎక్కడ?

పాతచెరువు గట్టు: మా ఇంటి సంగతి మీకెందుకు? పెద్దవాళ్ళతో ఇలాగేనా మాట్లాడేది?

కొబ్బరాకు: అబ్బాయి సంగతి మీరే కదండీ చెప్పింది.

లంక గాలి: 🍿

పాతచెరువు గట్టు: (మర్నాడు) నిన్న కోపంలో ఏదో అన్నాను. అబ్బాయికి ఫోన్ చేశాను. కోడలిది తణుకు. ఆ కనుమ సాయంత్రం వాళ్ళింట్లో రెండు గంటలు కూర్చుని, అక్కడే బస్సు ఎక్కారట. నాతో చెబితే గొడవవుతుందని చెప్పలేదట.

వశిష్ఠ ఒడ్డు: రెండు గంటలు దొరికాయి. అదృష్టవంతురాలు.

లంక గాలి: ఇంతకీ రేవు గారూ, టికెట్ ఉంచారా, తీసేశారా?

కోటిపల్లి రేవు: ఉంచాను. కానీ మా ఆవిడ ఇదంతా చదివింది. వాళ్ళది రాజోలు. ఇప్పుడు అమ్మతో పాటు ఆవిడా మాట్లాడట్లేదు.