వెస్ట్ బ్యాంక్ తీర్పుల్లో సీడా ప్రస్తావన ఎక్కడ వెతకాలి?

ఎల్ఎల్ఎం డిసర్టేషన్ కోసం అడుగుతున్నాను. మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందంలో (సీడా) పాలస్తీనా 2014లో ఏ మినహాయింపూ పెట్టకుండా చేరింది. అరబ్ ప్రాంతంలో ఇది అరుదే. కానీ ఇలాంటి ఒప్పందాలు పాలస్తీనా ప్రజల జాతీయ, మత, సాంస్కృతిక గుర్తింపుకు లోబడే ఉండాలని 2017లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. చిక్కంతా అక్కడే. పాలస్తీనా భూభాగమైన వెస్ట్ బ్యాంక్‌లో ముస్లింల పెళ్లి, విడాకుల కేసులు 1976 నాటి జోర్డాన్ చట్టం ప్రకారం షరియా కోర్టుల్లోనే నడుస్తాయి.

ఈ ఒప్పందం అమలును సమీక్షించే ఐక్యరాజ్యసమితి సీడా కమిటీ పాలస్తీనాపై 2018లో ఇచ్చిన పరిశీలనలు చదివాను. ఒక న్యాయ డేటాబేస్‌లో ఒప్పందం పేరు అరబిక్‌లో కొట్టి చూస్తే చట్టాలే వస్తున్నాయి, తీర్పులు రావడం లేదు. అక్కడి ఒక సంస్థకు మెయిల్ పెడితే జవాబు లేదు.

2014 తర్వాత సీడాను ప్రస్తావించిన వెస్ట్ బ్యాంక్ కోర్టు తీర్పులు, అరబిక్‌లోనైనా సరే, ఎక్కడ దొరుకుతాయి?