బాతుల వేటలో గాలి గంటకు 25 మైళ్లు దాటితే డికాయ్‌లు (ఎరగా తేలేసే బొమ్మ బాతులు) పెంచాలా, తగ్గించాలా?

మాటగోర్డా_మురళి
మొన్న శనివారం వేటకెళ్తే టెక్సస్ తీరంలో మాటగోర్డా బే దగ్గర నా గతి చెబుతా, తీర్పు మీరే చెప్పండి. ఉత్తర గాలి గంటకు 25 మైళ్లు, మధ్యమధ్యలో ఇంకా గట్టిగా ఈడ్చి కొడుతోంది. నాలుగు డజన్ల డికాయ్‌లు, కొట్టుకుపోకుండా ఒక్కోదానికి తాడుతో 4 ఔన్సుల సీసం బరువు, మోకాలి లోతు నీళ్లు. తెల్లారేసరికి సగం కొట్టుకుపోయాయి, మిగతా వాటి తాళ్లు జడ అల్లినట్టు చిక్కుపడ్డాయి, వేళ్లు కొంకర్లు పోయి ఒక్క ముడి కూడా విప్పలేకపోయా. గాలి రోజున స్ప్రెడ్ (పరిచిన డికాయ్‌ల గుంపు) పెద్దగా ఉంటేనే బాతులు దూరం నుంచి చూస్తాయని నా పార్ట్‌నర్ వాదన. నేనేమో డజను చాలంటాను.

తడిసిన_వేడర్స్
డజను కూడా ఎక్కువే తమ్ముడూ. అంత గాలిలో టీల్, పిన్‌టైల్ లాంటి బాతులు ఎక్కడ కూర్చుంటాయి? గట్టు చాటున, రెల్లు వెనక, నీళ్లు కాస్త నెమ్మదిగా ఉన్నచోట. నువ్వేమో నురగలు కక్కే అలల మీద నాలుగు డజన్లు పరిచి రమ్మంటున్నావు, ఎలా వస్తాయి? ఆ చాటులో ఎనిమిది పెట్టు, మధ్యలో వాలడానికి ఖాళీ వదులు, గాలి నీ వీపుకి తగిలేలా కూర్చో. బాతు గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి నీ ముఖం మీదికే వస్తుంది. రెక్కలు తిరిగే మోటార్ బాతు ఉంటే ఇంట్లో వదిలెయ్, గాలికి పక్కకి ఒరిగి వింతగా ఆడుతుంది తప్ప పనికి రాదు. కదలిక గాలే ఇస్తుంది, ఫ్రీగా.

రెడ్‌హెడ్_రాజు
అన్నా, మీరు చెప్పేది చెరువు లెక్క. దక్షిణ టెక్సస్ తీరంలో లగూనా మాడ్రే ఉప్పు నీళ్ల మడుగుకి రండి. చలికాలంలో రెడ్‌హెడ్ బాతులు వేలల్లో చాప పరిచినట్టు తెరిపి నీళ్ల మీద తేలుతుంటాయి, అక్కడ ఎనిమిది పెడితే వాటి కంట పడేదెప్పుడు? మురళి తప్పు సంఖ్యలో లేదు, ఆ 4 ఔన్సుల్లో ఉంది. పైగా తాడు పొట్టిగా ఉంటే అల లేచిన ప్రతిసారీ సీసాన్ని నేల మీంచి ఎత్తేస్తుంది, అప్పుడు డికాయ్ నడుచుకుంటూ పోతుంది. మేం లాంగ్‌లైన్ వేస్తాం: పొడవాటి తాడు, రెండు చివరలా బరువైన లంగర్లు, మధ్యలో ఆరడుగులకొకటి చొప్పున క్లిప్పుతో డికాయ్‌లు. తాడుని గాలివాటానే సాగదీయాలి, అడ్డంగా వేస్తే మళ్లీ అదే జడ.

తడిసిన_వేడర్స్
టెక్సస్‌లో రోజుకి ఆరు బాతులు, అందులో రెడ్‌హెడ్‌లు రెండే. ఆ రెండింటి కోసం నాలుగు డజన్లు మొయ్యాలా!

రెడ్‌హెడ్_రాజు
మోసేది పడవ, నేను కాదు :)

కైకలూరు_కిరణ్
కొల్లేరు పక్కన పెరిగినవాణ్ణి, వేట నాకు నచ్చదు, ఊరికే చదువుతున్నా. మా తాతయ్య దీమపు పిట్టల గురించి చెప్పేవాడు, బతికున్న పిట్టని కట్టేసి దాని అరుపుకి వచ్చినవాటిని వలేసి పట్టేవాళ్లట. 1972 చట్టం తర్వాత ఇక్కడ అదంతా నేరం. మీకు అక్కడ ప్లాస్టిక్‌వే ఎందుకు, బతికున్నవి పెట్టకూడదా?

పాత_పడవ
కిరణ్ బాబూ, ఇక్కడా బతికున్న బాతుల్ని ఎరగా పెట్టడం 1935 నుంచి నిషేధం. గింజలు చల్లి రప్పించడం కూడా.

మురళీ, మీ గొడవంతా డికాయ్‌ల లెక్కే. తూటా సంగతి ఎవరూ ఎత్తరేం? 1991 నుంచి బాతులకి సీసం గుళ్లు వాడకూడదు, స్టీల్ గుళ్లు తేలిక, అడ్డ గాలికి పక్కకి జరుగుతాయి. ఎదురుగాలిలో దిగే బాతు ఉలిక్కిపడి లేస్తే గాలి దాన్ని పైకీ వెనక్కీ విసిరేస్తుంది, మీరు అది ముందున్న చోటే కాలుస్తారు. దెబ్బ తగిలి పడిన బాతు అలల్లో ఎంత దూరం పోతుందో చూశారా? దాన్ని వెతికి తీసుకోవడానికి ప్రయత్నించడం చట్టప్రకారం మీ బాధ్యత. అందుకే నేను గాలి రోజున పాతిక గజాలు దాటితే తుపాకీ ఎత్తను. డికాయ్‌లు తక్కువైనా దగ్గరగా పెట్టమనేది అందుకు.

ఇంకోటి. 1940 నవంబర్ 11న అమెరికా మిడ్‌వెస్ట్‌లో పొద్దున వెచ్చగా ఉంది కదా అని పల్చటి కోట్లతో బాతుల వేటకి వెళ్లినవాళ్లు చాలామంది మధ్యాహ్నం వచ్చిన మంచు తుఫానులో మిసిసిపి నది లంకల మీదే గడ్డకట్టి పోయారు. బాతులు అంతగా ఎగబడి వస్తున్నాయని కదల్లేదట. ఉత్తర గాలి బేలో నీళ్లని సముద్రంలోకి తోసేస్తుంది కూడా, రాజూ, నీ పడవ ఒకసారి బురదలో కూర్చుంటే తెలుస్తుంది.

రెడ్‌హెడ్_రాజు
కూర్చుంది, రెండేళ్ల కింద, ఏడు గంటలు. ఆ విషయం ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మాటగోర్డా_మురళి
8 ఔన్సుల సీసం బరువులు ఆర్డర్ పెట్టా. ఈ వారం గట్టు చాటున ఎనిమిదే పెడతా, పాతిక గజాలు లెక్కపెట్టి కర్ర పాతుకుంటా. ఈ థ్రెడ్ పార్ట్‌నర్‌కి పంపితే రాజు పోస్టు ఒక్కటే చదివి లాంగ్‌లైన్ తాడు కొనుక్కొచ్చాడు. 200 అడుగులు.