టెలిగ్రామ్ గ్రూపు బాట్‌లో బటన్లు రావడం లేదు, తెలుగు లిపి చదవలేనివాళ్ళకి ఎలా చూపించాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):

అందరికీ నమస్కారం. ఒడిశా గజపతి జిల్లాలో మన తెలుగువాళ్ళ టెలిగ్రామ్ గ్రూపు కోసం ఒక బాట్ (అడిగినదానికి తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రాం) మొదలుపెట్టాం. నౌపడా–గుణుపురం లైన్లో రైళ్ళు, పాతపట్నం వైపు బస్సులు ఎప్పుడున్నాయో అడిగితే చెప్పాలి. పైథాన్‌లో రాస్తున్నాం, కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్‌ని నలుగురూ కలిసి రాసుకునే సైటు) ఉంది. గ్రూపులో ఎవరైనా "రైలు ఎన్నింటికి" అని టైప్ చేస్తే బాట్ పలకదు, స్లాష్ కమాండ్ (/ గుర్తుతో మొదలయ్యే మాట) ఇస్తేనే పలుకుతుంది. పోనీ అని బటన్లు పెట్టాం. నౌపడా బటన్ ఒక్కటే ఉంటే మెసేజ్ వస్తోంది, పర్లాకిమిడి బటన్ చేర్చగానే అసలు మెసేజే పోవడం లేదు. "బటన్ డేటా ఇన్‌వ్యాలిడ్" అని ఎర్రర్. ఇంకొకటి, మా వైపు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదువుకున్నది మాత్రం ఒడియా మీడియంలో. తెలుగు అక్షరాలు రావు. వాళ్ళని వదిలేయడం నాకు ఇష్టం లేదు. దారి చెప్పండి.

జవాబు (రాయగడ నుంచి):

తమ్ముడూ, బాట్ పలకకపోవడానికి కారణం ప్రైవసీ మోడ్. గ్రూపులో చేరిన బాట్‌కి మామూలుగా కమాండ్లు, దానికి ఇచ్చిన రిప్లైలు మాత్రమే అందుతాయి. బాట్‌ఫాదర్ (బాట్‌లు తయారుచేసుకోవడానికి టెలిగ్రామ్ వాళ్ళదే బాట్) దగ్గర "సెట్‌ప్రైవసీ" ఇచ్చి ఆ మోడ్ తీసేయొచ్చు, తరవాత బాట్‌ని గ్రూపులోంచి తీసి మళ్ళీ చేర్చాలి. కానీ నా మాట వింటే తీయకు. తీసిన క్షణం నుంచి ఆ గ్రూపులో అందరి మాటలూ నీ కంప్యూటర్‌కి వస్తాయి. బాట్‌ని అడ్మిన్ చేసినా అంతే. పెళ్ళి సంబంధాలు, ఆస్పత్రి కబుర్లు, అప్పుల సంగతులు అన్నీ అందులోనే మాట్లాడుకుంటారు కదా. రైలు టైము చెప్పడానికి అవన్నీ మనకెందుకు? బటన్ నొక్కితే ఆ సంగతి ప్రైవసీ మోడ్ ఉన్నా బాట్‌కి చేరుతుంది. కాబట్టి నువ్వు బటన్ల వైపు వెళ్ళడమే మంచిది. కమాండ్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి గనక పెద్దవాళ్ళకి కూడా బటనే తేలిక.

ఇక ఆ ఎర్రర్. బటన్ వెనక పంపే డేటా 64 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి విడివిడిగా 3 బైట్లు పడతాయి. నీ కోడ్ చూశాను. "రైలు-నౌపడా-గుణుపురం" 53 బైట్లు, అందుకే వెళ్ళింది. "రైలు-పర్లాకిమిడి-గుణుపురం" 71. ఒక్క బటన్ హద్దు దాటినా టెలిగ్రామ్ మెసేజ్ మొత్తం తిరగ్గొడుతుంది. వెనక "ఆర్1", "ఆర్2" లాంటి పొట్టి కోడ్‌లు ఇంగ్లిష్‌లో పెట్టు. పైకి కనిపించే పేరు మాత్రం నిండుగా తెలుగులోనే ఉంచు, దానికి ఈ హద్దు లేదు.

జవాబు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా నుంచి):

లిపి సంగతి నేను చెప్తాను, మా దగ్గరా ఇదే పరిస్థితి. పిల్లలు మరాఠీ మీడియం, ఇంట్లో తెలుగు. వాళ్ళకి తెలుగు మాటల్నే దేవనాగరిలో చూపిస్తే గడగడా చదివేస్తారు. మీరు ఒడియా లిపిలో అదే చేయండి. ఒడియా భాషలోకి అనువాదం అక్కర్లేదు, అదే తెలుగు, లిపి ఒక్కటే వేరు.

యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే పట్టిక) మన భారతీయ లిపులు చాలావరకు ఒకే వరసలో పేర్చారు. తెలుగు "క" కోడ్‌లోంచి 256 తీసేస్తే ఒడియా "క" వస్తుంది, 768 తీసేస్తే దేవనాగరి "క". నాలుగు లైన్ల ఫంక్షన్ చాలు. కానీ దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు. "ఎక్కడ" అనే మాటని మారిస్తే మొదటి అక్షరం ఖాళీ గడిలో పడి తెర మీద చిన్న డబ్బా కనిపిస్తుంది. ఎ, ఎత్వం వస్తే ఏ, ఏత్వం గుర్తులకి, ఒ, ఒత్వం వస్తే ఓ, ఓత్వం గుర్తులకి ముందే మార్చి, ఆ తరవాతే లెక్క వేయండి. చివరికి ఒడియా మీడియంలో చదివిన ఒకరిని కూర్చోబెట్టి పైకి చదివించండి. చెవికి మన తెలుగులా వినిపించేదాకా ఫైల్ ఖాయం చేయొద్దు. ఏ లిపి కావాలో మనిషినే బటన్‌తో ఎంచుకోనివ్వండి, మీరు ఊహించొద్దు.

పర్లాకిమిడి నుంచి:

చాలా సంతోషం అన్నా, ఇద్దరికీ. 64 బైట్ల సంగతి మాకు తట్టనే లేదు. ఇంకొక్క సందేహం. సాయం చేస్తామని కాలేజీ పిల్లలు ముందుకొచ్చారు. నా బాట్ టోకెన్ (దాన్ని నడిపే రహస్య తాళంచెవి) వాళ్ళకి ఇవ్వొచ్చా?

రాయగడ నుంచి:

అస్సలు వద్దు. టోకెన్ ఉన్నవాడి చేతిలో బాట్ ఉన్నట్టే. పైగా ఒకే టోకెన్‌తో ఇద్దరు పోలింగ్ (కొత్త మెసేజ్‌లున్నాయా అని ప్రోగ్రాం టెలిగ్రామ్‌ని అడుగుతూ ఉండడం) నడిపితే రెండు ప్రోగ్రాములూ 409 కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్‌తో కొట్టుకుంటాయి. ప్రతివాళ్ళూ బాట్‌ఫాదర్ దగ్గర సొంతంగా ఒక టెస్ట్ బాట్ చేసుకోవాలి, ఉచితమే. టోకెన్‌ని వేరే ఫైల్లో ఉంచి, ఆ ఫైల్ పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్‌హబ్‌కి ఎక్కించకూడని ఫైళ్ళ జాబితా) రాయండి. ఎవరైనా పొరపాటున గిట్‌హబ్‌లో ఎక్కిస్తే, తరవాతి మార్పులో (కమిట్) చెరిపినా పాత చరిత్రలో అలాగే ఉంటుంది. వెంటనే బాట్‌ఫాదర్‌లో "రివోక్" కొట్టి కొత్త టోకెన్ తీసుకోవడమే మార్గం.

కోడ్ రానివాళ్ళకీ చోటు ఉంచు. బాట్ చెప్పే మాటలన్నీ ఒక్కో లిపికి ఒక్కో జేసన్ ఫైల్లో (మామూలు టెక్స్ట్ ఫైలే) పెట్టు. గిట్ రానివాళ్ళు కూడా బ్రౌజర్‌లోనే ఒక లైను దిద్ది పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు చేర్చమనే విన్నపం) పంపగలరు. విండోస్ వాడే పిల్లలకి ముందే చెప్పు, ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయకపోతే తెలుగు దగ్గర "చార్‌మ్యాప్" ఎర్రర్ వస్తుంది.

సర్వర్ కొనకపోయినా ఫరవాలేదు, పోలింగ్ అయితే పాత లాప్‌టాప్ చాలు. కరెంటు పోయినా టెన్షన్ పడకు. అందని మెసేజ్‌లని టెలిగ్రామ్ 24 గంటల దాకా దాచి ఉంచుతుంది.

పర్లాకిమిడి నుంచి:

బటన్ల కోడ్ మార్చాను, మెసేజ్ వెళ్ళింది. ఒడియా లిపి ఫైల్ ఇవాళ రాత్రి ఎక్కిస్తాను. గుణుపురం, కాశీనగరం వైపు ఒడియా మీడియంలో చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి పైకి చదివి, తప్పున్న లైను నంబర్ ఇక్కడ రాయండి.