కేసులు తక్కువగా ఉన్న మన్యంలో మహిళలకు కరోనా దెబ్బ ఎలా తగిలింది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 2020 లాక్‌డౌన్ కాలంలో విశాఖ మన్యం మహిళల పరిస్థితిపై ఒక వ్యాసం రాస్తున్నాను. మొదటి నెలల్లో లోపలి ఊళ్లలోకి జబ్బు పెద్దగా రాలేదని అక్కడివారే చెబుతున్నారు. అటువంటప్పుడు మగవారి కంటే ఆడవారే ఎక్కువ నష్టపోయారని అనడం ఎంతవరకు సబబు? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
దీనికి సమాధానం రోగుల లెక్కలో దొరకదండీ, సంతలో వెతకాలి. లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. ఇప్పపువ్వు రాలిపడేదీ, చింతపండు చేతికొచ్చేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. తెల్లవారకముందే చెట్టు కిందికి వెళ్లి పువ్వు ఏరడం, ఆరబెట్టడం, చింతపండు కొట్టి పిక్క తీయడం, అడ్డాకులు కుట్టడం, కొండచీపుర్లు కట్టడం ఎక్కువగా ఆడవారి పనులు. వాటిని గంపకెత్తుకుని వారపు సంతలో అమ్మితే వచ్చే డబ్బు కూడా చాలా ఇళ్లలో వారి కొంగునే ఉంటుంది. ఉప్పు, నూనె, సబ్బు, పిల్లల బట్టలు అందులోంచే. సంతలు మూతపడిన నాడు ఆగిపోయింది ఆ డబ్బు. మాకు తెలిసిన ఒక ఇంట్లో రెండు బస్తాల చింతపండు అటక మీదే ఉండిపోయి, జూన్ వానలకు చెమ్మ పట్టి నల్లబడింది. ఊళ్లోకి వచ్చిన వ్యాపారి ఆ నలుపునే చూపించి సగం ధరకు అడిగితే, ఇంట్లో నూనె చుక్క లేని ఆ అమ్మ బేరమాడకుండానే తూకం వేయించింది. కేంద్రం 49 రకాల అటవీ ఉత్పత్తుల మద్దతు ధరలను సవరించింది నిజమే, కానీ అది మే 1న. అప్పటికి ఇప్పపువ్వు కాలం దాదాపు అయిపోయింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడే వివరం, ధన్యవాదాలు. అయితే ఉచిత బియ్యం ఇచ్చారు, మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు వేశారు కదా?

జవాబు 2:
బియ్యం ఆదుకున్నాయి, కాదనను. ఆ 500 తీసుకోవాలంటే మాత్రం మండల కేంద్రానికి దిగాలి. సర్వీసు జీపులు ఆగిపోయాయి కాబట్టి నడవాలి, అంటే ఒక రోజు పని పోతుంది. అంత దూరం వెళ్లాక వేలిముద్ర పడకపోతే ఉత్త చేతులతో తిరిగి కొండెక్కాలి.

జవాబు 3:
నేను ఆ రోజుల్లో కొండ మీది ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తగా తిరిగాను. బయటివారు రాకుండా చాలా ఊళ్ల వారు దారికి అడ్డంగా కొమ్మలు నరికి వేసుకున్నారు. అది తెలివైన జాగ్రత్తే, కానీ నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకుపోయేదీ ఆ దారినే. ఆసుపత్రికి వెళితే క్వారంటైన్‌లో పెట్టేస్తారన్న భయంతో కాన్పు ఇంట్లోనే కానిద్దామన్న అత్తలను ఒప్పించడానికి గంటల తరబడి కూర్చున్నాను. ఎవరూ పెద్దగా రాయని సంగతి మరొకటి ఉంది. అంగన్‌వాడీలో వేడిగా వడ్డించే భోజనం ఆగి, సరుకులు ఇంటికే వచ్చాయి. కేంద్రంలో కూర్చుని తింటే గుడ్డు గర్భిణి కడుపులోకే వెళుతుంది. అదే గుడ్డు ఇంటికి వస్తే ముందు పిల్లలకు, తరువాత మగవారికి పెట్టి ఆమె మిగిలింది తింటుంది. అందింపు లెక్కల్లో మాత్రం ఆ గుడ్డు ఆమెకు చేరినట్టే ఉంటుంది.

జవాబు 4:
వలస కూలీలను కూడా మీ వ్యాసంలో చేర్చండి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా నుంచి ఆదివాసీ మహిళలు, బాలికలు ఏటా ములుగు వైపు మిరపకోతకు వస్తారు. 2020 ఏప్రిల్‌లో పని ఆగిపోయి అడవి దారిన తిరుగు నడక పట్టిన ఒక బృందంలో 12 ఏళ్ల పాప ఉంది. మూడు రోజులు నడిచి, ఇంటికి చేరువలోకి వచ్చి, ఏప్రిల్ 18న చనిపోయింది. ఆ పాపకు కరోనా పరీక్ష చేశారు, రాలేదని తేలింది. కేసుల పట్టికలో ఆ మరణానికి చోటు లేదు.