చిలీ చరిత్రలో ‘సురేకారం’: ఈ మాట సరిపోతుందా?

అందరికీ నమస్కారం. పిల్లల పత్రికకు చిలీ దేశం గురించి రెండు పేజీల పరిచయం రాస్తున్నాను. భూగోళం వరకు కలం సాఫీగానే నడిచింది. తూర్పున ఆండీస్ కొండలు, పడమట పసిఫిక్ సముద్రం, ఆ రెంటి నడుమ ఉత్తర దక్షిణాలుగా 4,300 కిలోమీటర్ల పొడవున సాగిన సన్నని నేల. సగటు వెడల్పు 180 కిలోమీటర్లకు మించదు. పైన అటకామా ఎడారి, మధ్యలో రాజధాని శాంటియాగో, ద్రాక్షతోటలు, అడుగున మంచుగడ్డలు. 1541లో స్పెయిన్ వాళ్లు శాంటియాగో కట్టడం, 1818లో స్వాతంత్ర్య ప్రకటన కూడా రాసేశాను. ఆ తర్వాత ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. స్పానిష్‌లో ‘సలీత్రే’, అంటే ఆ ఎడారి నేలలో తవ్వితీసిన ఉప్పు. దాన్ని ‘నైట్రేట్’ అని వదిలేయనా, ‘సురేకారం’ అననా? సురేకారం అంటే బాణసంచా సరుకే గుర్తొస్తుంది, చిలీది ఎరువు కదా.

—

అమ్మా, సురేకారం అనే రాయండి. అయితే ముందు ‘చిలీ’ అని చేర్చండి. రెండూ ఒకటి కావు.

దీపావళికి పది రోజుల ముందు మా మేనమామ సురేకారాన్ని ఎండబెట్టి, కల్వంలో నూరి, గంధకం, జిల్లేడు బొగ్గు, ఇనప రజను కలిపి చిచ్చుబుడ్లు కూరేవాడు. ఆ సురేకారం పొటాషియం లవణం, అంత తొందరగా చెమ్మగిల్లదు. చిలీలో తవ్వింది సోడియం లవణం. అది గాలిలోని తేమను లాగేసుకుంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు తుపాకిమందుకు పనికిరాదు. అందుకే ఎక్కువ భాగం ఐరోపా పొలాలకు ఎరువుగా వెళ్లింది. అసలు ఆ ఉప్పు నేలలో మిగలడానికి కారణం మీరు భూగోళంలో రాసిన ఎడారే. నీళ్లు తగిలితే కరిగిపోయే సరుకది. అటకామాలో వాన పడదు గనుక ‘కలీచె’ అనే రాతిపొరలో అలాగే ఉండిపోయింది. ఈ ముక్క పిల్లలకు తప్పకుండా చెప్పండి, భూగోళానికీ చరిత్రకూ ముడి అక్కడే ఉంది.

మాట సంగతికొస్తే, హిందీలో శోరా, గుజరాతీలో సురోఖార్, మనకు సురేకారం. చివరి ‘కారం’ క్షారమే. ‘చిలీ’ పక్కన ‘కారం’ చూసి పిల్లలు మిరపపొడి అనుకుంటారు, ఒక వాక్యం వేయండి. దేశం పేరుకూ ఇంగ్లీషు వాళ్ల ‘చిల్లీ’కీ చుట్టరికం లేదు, ఆ రెండోది మెక్సికోలోని నావాట్ల్ భాష మాట. అచ్చతెలుగు కావాలంటే ‘పెట్లుప్పు’ ఉంది. నాకెంతో ఇష్టమైన మాట, కానీ పేలే ఉప్పు అని అర్థం వస్తుంది కాబట్టి ఎరువుకు అతకదు.

—

మాస్టారూ, దీని పక్కనే ‘నత్రజని’ని కూడా చూడాలి. ఉదజని అంటే నీటిని పుట్టించేది, ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. రెంటిలోనూ మొదటి సగానికి సంస్కృతం మాట పెట్టారు. నైట్రోజన్ అంటే సురేకారాన్ని పుట్టించేది. 1790లో ఫ్రెంచి రసాయనవేత్త షాప్తాల్ పెట్టిన పేరు. మన వాళ్లు ఇక్కడ ‘నైటర్’ (సురేకారానికి ఇంగ్లీషు పేరు) చప్పుడునే ‘నత్ర’గా మలిచి, ‘జని’ తగిలించారు.

అడిగినావిడకు ఒక హెచ్చరిక. చిలీ ఉత్తరాన ‘ఒఫిసీనా’ అని కనబడితే ‘కార్యాలయం’ అని రాయకండి. అక్కడ దానికి అర్థం సురేకారం కార్ఖానా, దాని చుట్టూ కట్టిన కూలీల ఊరు. కూలి డబ్బులుగా కాక, ‘ఫీచా’ అనే బిళ్లలుగా ఇచ్చేవారు. అవి కంపెనీ కొట్లోనే చెల్లేవి. 1907లో ఈ కార్మికులు సమ్మెకట్టి ఇకీకే రేవుకు నడిచివస్తే, శాంటా మరియా బడి దగ్గర సైన్యం కాల్చి చంపింది. ‘కార్యాలయ ఉద్యోగుల సమ్మె’ అని అనువదిస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

—

ఇద్దరికీ కృతజ్ఞతలు. తిరగరాసిన భాగం ఇది, తప్పులుంటే చెప్పండి:

“వాన ఎరుగని అటకామా ఎడారిలో చిలీ సురేకారం దొరికింది. ఇది మన చిచ్చుబుడ్లలోని సురేకారానికి చుట్టం, పొలాలకు బలమైన ఎరువు. అప్పట్లో ఆ ఎడారిలో కొంత బొలీవియాది, కొంత పెరూది. బొలీవియా ఆ ఎగుమతిపై వేసిన పన్ను చిలీతో తగాదాగా మారి 1879లో యుద్ధమైంది. చిలీ గెలిచింది, బొలీవియాకు సముద్రతీరమే లేకుండా పోయింది. తర్వాత కొన్ని దశాబ్దాలపాటు సురేకారం సుంకాలే చిలీ ఖజానాను నింపాయి. మొదటి ప్రపంచయుద్ధం నాటికి జర్మనీలో గాలిలోని నత్రజని నుంచే ఎరువు చేయడం మొదలవడంతో కార్ఖానా ఊళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. వాటిలో హంబర్‌స్టోన్, శాంటా లారా 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. ఇవాళ ప్రపంచంలో రాగి అందరికంటే ఎక్కువ తీసేది చిలీయే. అదే ఎడారిలోని ఉప్పుపర్ర నుంచి, మన ఫోన్ల బ్యాటరీలకు కావలసిన లిథియం కూడా తీస్తున్నారు.”

‘ఉప్పుపర్ర’ నా సొంత ప్రయోగం, ఉప్పు పేరుకున్న మైదానాన్ని చెప్పే స్పానిష్ ‘సలార్’కి. మీ వైపు ఇంతకన్నా మంచి మాట ఉందా?